రాజయ్యపేట మేరీ శుక్రవారపు దుంపకూర

లూర్దు మేరీ పుట్టింది రాజయ్యపేటలో, సముద్రం పక్కన. పద్దెనిమిదేళ్ళకి మా వీధి ఎలియాజరుని కట్టుకుని అనకాపల్లి వచ్చింది. అతను ఆటో తోలుతాడు, ఆమె బెల్లం మార్కెట్‌లో దిమ్మల్ని గోనెల్లో పెట్టి కుడుతుంది. ఇరవై నాలుగేళ్ళలో ఆ పిల్ల గొంతు గోడ దాటి వినబడింది రెండే రెండుసార్లు. ఒకటి కాన్పు నొప్పులప్పుడు. రెండోది కిందటేడు, గుడి ముందు.

గుడి అంటే వాళ్ళ క్రైస్తవుల గుడి. మా అరుగుకి ఎదురుగానే ఉంటుంది. మాది నూకాలమ్మ తల్లిని కొలిచే ఇల్లు, నాకు అక్కడ పనేమీ లేదు. కానీ దేవుడు కళ్ళిచ్చాక, ఎదురుగా మనుషులు తిరుగుతుంటే చూడకుండా ఎలా ఉంటాను?

ఏటా ఎండలు ముదిరే ముందు వాళ్ళకి నలభై రోజుల తపస్సు కాలం వస్తుంది. శుక్రవారం పొద్దున్నుంచి పస్తుండి, సాయంత్రం సిలువ మార్గం ప్రార్థన చేసి, పొద్దు వాలుతుండగా గుడి ముందు బంతి వేసుకుని ఒకే కుండలోది తింటారు. వేరే ఊళ్ళలో ఆ రోజు చేప తినొచ్చట. ఈ గుడిలో మాత్రం వెనకటి ముసలమ్మలు పెట్టిన నియమం గట్టిది. మాంసం, చేప, గుడ్డు సరే సరి, పాలు, పెరుగు, నెయ్యి కూడా తగలకూడదు. నియమం తప్పినవాళ్ళు ఆ పూట బంతిలో కూర్చోకూడదు. ఎండిన కడుపులకి నీళ్ళచారు ఆనదు కాబట్టి బరువైన బంగాళాదుంప కూర వండుతారు. ఆ గరిటె మేరీ అత్తగారిది. ఆవిడ పోయే ముందు కోడలి చేతిలో పెట్టింది.

మేరీ ఆ కూర వండటం గోడ మీంచి ఎన్నిసార్లు చూశానో. ముందురోజే ఉలవలు నానబోస్తుంది. వాటిని ఉడికించి వార్చిన నీళ్ళని చిక్కగా, ఎర్రమట్టి రంగు తిరిగేదాకా మరిగిస్తుంది. దుంపల్ని మాత్రం ఉడకబెట్టదు. కొబ్బరి చిప్పలు కాల్చి, ఆ నిప్పుల్లో తొక్కతోనే పూడుస్తుంది. తొక్క నల్లబడి పగిలాక బూడిద దులిపి, ఒలిచి, చేత్తో చిదుపుతుంది. నువ్వుల నూనెలో ఎండుమిరప, బోలెడు వెల్లుల్లి, కరివేపాకు వేగాక చిదిపిన దుంప వేసి, అడుగంటేదాకా గరిటె పెట్టదు. అడుగంటిన చెక్కుని గీకి కలిపి, అప్పుడు ఉలవల కట్టు, చింతపండు పులుసు, కొంచెం బెల్లం వేస్తుంది. దించే ముందు వేయించి దంచిన నువ్వులు. వేడి అన్నంలో కలిపితే వేటమాంసం పులుసు కూడా దాని ముందు దిగదుడుపే.

ఆ రుచే మేరీ కొంప ముంచింది.

బుల్లమ్మ అని ఉంది. గుడికి స్థలమిచ్చిన ఇంటి కోడలు. ఆ మాట రోజుకి రెండుసార్లయినా ఎవరికో ఒకరికి గుర్తు చేస్తుంది. కిందటేడు ఒక శుక్రవారం బంతిలో ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపేసింది.

"ఇందులో ఎండురొయ్య పొడుంది" అంది.

బంతంతా చేతులు ఆపింది.

"ఒట్టు పెద్దమ్మా, ఏటీ లేదు. ఉలవల కట్టే" అంది మేరీ.

"ఉలవలకి ఈ రుచొత్తాదేటే? నేనేటి నిన్నగాక మొన్న వంట నేర్సుకున్నానా? రాజయ్యపేట దానివి. రొయ్యలెండబెట్టిన సేతులు. దేవుడి కూడైనా నీసు కలపకండా ఉండనేవు."

ఎవరూ వాసన చూడలేదు, ఎవరూ అడగలేదు. బుల్లమ్మ కుండెత్తి మురిక్కాలవలో బోర్లించింది. "అబద్ధం!" అని మేరీ అరిచిన అరుపు మా పెరటి దాకా వినబడింది. బుల్లమ్మ కోడలు షెకీనా అదంతా ఫోనులో వీడియో తీసి గుడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ శుక్రవారం నుంచి గరిటె బుల్లమ్మ చేతికి పోయింది.

ఆటో స్టాండులో ఎలియాజరుని "బావా, కేరియర్లో రొయ్యలేనా?" అని ఏడిపించేవారు. మార్కెట్‌లో తోటి ఆడవాళ్ళు మేరీ పక్కనుంచి పోతూ ముక్కులు ఎగబీల్చేవారు. ఆ పిల్ల మాత్రం కంట తడి పెట్టలేదు. నాకు ఆగక అడిగేశాను.

"ఓసారి ఏడిసేత్తే బరువు తగ్గుద్ది కదే?"

"ఏడిత్తే కోపం కరిగిపోద్ది పిన్నీ" అంది గోనె సూదికి దారం ఎక్కిస్తూ. "నాకది కావాలి."

ఏడాది దాటింది. ఈసారి తపస్సు కాలానికి గుడికి కొత్త ఫాదర్ వచ్చాడు. ఇక్కడి నిప్పుల దుంపకూర గొప్పగా ఉంటుందని ఎవరో చెవిన వేశారు. కిందటేటి గొడవ మాత్రం చెప్పలేదు. రెండో శుక్రవారానికి అదే వండించమన్నాడు. బుల్లమ్మ "నేను సేత్తాను ఫాదర్" అని ముందుకొచ్చింది. మాటైతే ఇచ్చి, చీకటి పడకముందే మా అరుగెక్కింది. అక్క వరసని నన్ను అప్పా అంటుంది.

"అప్పా, ఆ రాజయ్యపేట దాని వంట నువ్వు సూత్తావు కదా. ఎలా సేత్తాదో సెప్పవా?"

"దాన్నే అడగరాదా?"

"దాని గుమ్మం నేనెక్కుతానేటి?"

నేను రేపు చెబుతానని పంపేసి, గోడ దగ్గరికి పోయి మేరీని పిలిచాను. విన్నదంతా విని ఆ పిల్ల నవ్వింది. ఏడాదిలో అదే మొదటిసారి నేను దాని పళ్ళు చూడటం.

"సెప్పు పిన్నీ. ఒక్కటి దాసకు. నిప్పులు, ఉలవలు, నువ్వులు, అన్నీ సెప్పు."

"ఏటే, మతిపోయిందా? నీ సేతి పని దాని సేతిలో పెడతావా?"

"అది నమ్మదు. రొయ్యపొడి లేకండా ఆ రుచి రాదని నలుగురిలో సెప్పింది. సెప్పీ సెప్పీ అదే నమ్మేసింది. రుచి కుదరకపోతే ఏటేత్తాదో నువ్వే సూడు."

"నేరమమ్మా. దేవుడి ముందు..."

"నేనేటి కలపమన్నానా? నిజం సెప్పమన్నాను."

మర్నాడు బుల్లమ్మకి అక్షరం పొల్లుపోకుండా అంతా చెప్పాను. బుల్లమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అప్పా, నీకు కూడా అసలుది సెప్పనేదు అది!" అంటూ పోయింది.

గురువారం షెకీనా చేతిలో కాగితం పొట్లం కనబడింది. చేపల బజారు వైపు నుంచి వస్తోంది. ఈ నలభై రోజులూ వాళ్ళింట్లో నీసు ముట్టరు. "ఏటే అమ్మా అది?" అంటే "పిల్లికి పిన్నీ" అంది. వాళ్ళింట్లో పిల్లి లేదు, నాకు తెలీదా! మేరీకి చెప్పాను. సరే అన్నట్టు తలూపి, ఉలవలు నానబోయడానికి లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆ వంకా ఈ వంకా పెట్టి బుల్లమ్మ వంటింటి కిటికీ దగ్గరికి పోయాను. కొబ్బరి చిప్పల పొగకి కొత్తగా వేయించిన సున్నం పాడవుతుందని దుంపల్ని కుక్కర్లో వేసింది. మూడు విజిళ్ళు. కట్టు కూడా పలచగానే దించేసింది. పస్తు కాబట్టి నాలిక్కి తగిలించుకుని ఉమ్మేసి, మొహం చిట్లించి, కోడలి వైపు చెయ్యి చాపింది. పొట్లం విప్పారు. మిక్సీ గిర్రుమంది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యింది, బంతి వేశారు. కుండ మూత తీయగానే, వడ్డించబోతున్న బుల్లమ్మ ముందుకి మేరీ వచ్చి నిలబడింది. ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో నూనె రాసుకుని, చేతిలో ఖాళీ కంచంతో. కుండ మీద ఒకసారి గాలి పీల్చింది. సముద్రం ఒడ్డున పుట్టిన ముక్కు, దానికి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు.

"పెద్దమ్మా, ఇంత కష్టపడి వండేరు. మొదటి ముద్ద మీదే."

"వండినోళ్ళం ఆఖర్ని తింటామే. తప్పుకో."

"కిందటేడు నేను ముందు తిని సూపించుంటే ఆ గొడవ వచ్చీది కాదు. అందుకే అంటన్నాను." గరిటె అందుకుని కంచంలో అన్నం, కూర వేసింది. ముద్ద కలిపి బుల్లమ్మ నోటి దాకా తెచ్చింది.

ఫాదర్ మొహం విప్పారింది. పాత తగువేదో తీరుతోందనుకున్నాడు. "తినండమ్మా, ప్రేమగా పెడుతోంది" అన్నాడు.

బుల్లమ్మ అటూ ఇటూ చూసింది. నలభై రోజుల నియమం ఆమె పెళ్ళైన నాటి నుంచీ ఒక్కసారి తప్పలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. తింటే దేవుడి ముందు తిన్నట్టు. నుదుటి చెమట చెంప మీదికి జారింది. నోరు తెరిచింది.

మేరీ పెట్టింది. మింగేదాకా ఆగింది. రెండో ముద్ద కలిపింది.

"సాల్లేవే."

"అప్పుడేనా! రుచి కుదిరిందా పెద్దమ్మా?"

మూడో ముద్ద. నాలుగో ముద్ద. తల్లి బిడ్డకి పెట్టినట్టు, కింద మెతుకు రాలకుండా పెట్టింది. నేను అరుగు మీద లేచి నిలబడిపోయాను. బంతిలో ఒకావిడ కళ్ళు కూడా ఒత్తుకుంది, ఏ ప్రేమ చూసిందో ఏమో! కంచం ఖాళీ అయ్యాక మేరీ బుల్లమ్మ చెవి దగ్గరికి వంగింది. ఏమందో మర్నాడు మేరీయే నాకు చెప్పింది.

"ఇప్పుడీ గరిటె వీళ్ళ విస్తర్లలోకి పోద్ది. మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా? మీ కోడలు పొట్లం తేవడం సూసినోళ్ళున్నారు."

షెకీనా తలొంచుకుంది. ఈసారి ఆమె చేతిలో ఫోను లేదు.

బుల్లమ్మ కుండ మీద మూత పెట్టేసింది. తర్వాత, "ఎవరూ తినకండి" అంది. "రొయ్యపొడేసేను."

"మరి కిందటేడు?" అంది మేరీ. ఈసారి గట్టిగానే, బంతి చివర వాళ్ళకి కూడా వినబడేలా.

"కిందటేడు... నాకు తెలీదు. అలా అనిపించింది, అన్నాను."

"అనిపించి కుండ బోర్లించేరు."

"అవును."

"బంతి సివర పెద్దోళ్ళు వినబడనేదంటన్నారు."

"అవునే! ఏటీ లేకండానే బోర్లించేను!"

ఆకలి మీద ఉన్న పిల్లలు కుండ వైపే చూస్తున్నారు. అప్పటికే ఎలియాజరు ఆటో గుడి గేటు ముందు ఆగింది. వెనక సీట్లో, గుడ్డ కట్టిన కుండ. మేరీ తెల్లారుజామునే లేచి వండి పెట్టుకుంది. కాల్చిన దుంప, వెల్లుల్లి వాసన వీధి దాటి నా దాకా వచ్చింది. గుడ్డ విప్పుతుంటే బంతి చివరి నుంచి ఎవరో "మేరీ, నాకు అడుగుది వెయ్యవే" అని అరిచారు.

వరసగా వడ్డిస్తూ వచ్చింది. బుల్లమ్మ ఆఖరి విస్తరి ముందు కూర్చోబోయింది. పొద్దున్నుంచి పస్తున్న మనిషి, ఆ నాలుగు ముద్దలు దేనికాగుతాయి.

"మీరు తినేసేరు కదా పెద్దమ్మా" అంది మేరీ. "నీసు తిన్నోళ్ళు ఈ పూట బంతిలో కూకోకూడదు. పెద్దల నియమం, నేను పెట్టింది కాదు."

బుల్లమ్మ చేతులు నేలకి ఆనించి మెల్లగా లేచింది. కోడలు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని ఒక్కతే పోయింది.

ఫాదర్ తర్వాత మేరీని పిలిచి క్షమించమని చాలాసేపు చెప్పాడట. అన్నీ విని "సరే ఫాదర్" అందట. నేను మర్నాడు గోడ దగ్గర కాపు కాసి పట్టుకున్నాను. ఎంతైనా పెద్దావిడ, మరీ అంత చేశావు కదా, ఇప్పటికైనా కోపం పోయిందా అని అడిగాను.

మేరీ కుండ అడుగు బూడిదతో తోముతోంది. తల ఎత్తలేదు.

"వచ్చే శుక్రవారం బంతిలోకి వత్తాది. గరిటె మళ్ళీ నాదే. నా సేత్తోనే వడ్డిత్తాను, నేను పెట్టిందే తినాలి" అంది. "ఇంకా అయిదు శుక్రవారాలున్నాయి పిన్నీ."