ఆయన కొట్టిన మేకు

సిద్దిపేటలో మా చీరల దుకాణం ముందు మంటలార్పే ఎర్ర నల్లా ఉంది. ఎండకు అడ్డంగా వేసే పరదా తాడు దానికే కట్టేవాణ్ని. ప్రతి శుక్రవారం ఒక ఫైర్‌మన్ వచ్చి ఆ ముడి విప్పి, నల్లా తిప్పి, తుప్పునీళ్లు పోయేదాకా వదిలి, గ్రీజు రాసేవాడు.

"గిన్ని నీళ్లు రోడ్డు పాలు చేస్తవేందన్నా?" అని ఒకసారి గొడవపడ్డాను.

"ఇయ్యాల తిప్పకుంటే, అక్కెరకు తిరుగది సేటూ," అన్నాడు.

మరుసటి వారం సుత్తి తెచ్చి, మా గోడకు మేకు కొట్టి, తాడు దానికి కట్టిపోయాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఆయన బదిలీ అయ్యాక, ఎండాకాలంలో పక్క దుకాణం అంటుకుంది. తాడు అడ్డం లేని నల్లా, ఫైరింజనువాళ్ల ఒక్క తిప్పుకే తెరుచుకుంది. మా దుకాణం దక్కింది.

మొన్న రంగులేసేవాడు మేకు పీకబోయాడు.

"దాన్ని ముట్టకు తమ్మీ," అన్నాను. "నా దుకాణం దాని మీదనే నిలవడ్డది."