కాలువ కట్టిన ఎనిమిది రోజులు

ఒప్పుకోలు కాగితం మీద పద్నాలుగు సంతకాలు పడ్డాయి. ఆ సాయంత్రం గుడివాడకు తిరిగొస్తూ, నా అంత ప్రాజెక్టు మేనేజరు ఈ చుట్టుపక్కల లేదని మురిసిపోయాను. నందివాడ వైపు ఒక ఊళ్లో పంట కాలువ మీద పాత తూము తీసి కొత్తది కట్టాలి. వేసవిలో అయిపోవాల్సిన పని వాయిదాలు పడి జూలైకి వచ్చింది. ఎనిమిది రోజులు కాలువకు అడ్డుకట్ట వేస్తామని రైతులందరినీ పంచాయతీ ఆఫీసులో కూర్చోబెట్టి అడిగాను. "దానికేముందమ్మా, వేసుకోండి" అన్నారు.

ఐదో రోజు పొద్దున ఒకాయన పని దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. "ఒకసారి మా నారుమడి చూద్దురుగాని రండి మేడం" అన్నాడు. మొహంలో కోపం లేదు. విసుక్కుంటూనే వెళ్లాను.

మడి నెర్రెలిచ్చింది. వేలెడు లేచిన నారు ఎండుగడ్డిలా పడి ఉంది. వానలు ముఖం చాటేశాయి, కాలువనేమో నేను కట్టేశాను. అయినా నా నోరు ఊరుకుంటుందా? "మీ రైతులే కదండీ సంతకాలు పెట్టింది" అన్నాను.

"వాళ్లు ఆసాములండీ. పొలం వాళ్లది, కౌలుకి చేసేది మేం."

"మరి మీటింగుకి మీరెందుకు రాలేదు?"

"వచ్చానండీ. కుర్చీలేసింది నేనే."

ఆయన మొహం ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రాలేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదని మెల్లగా అడిగాను.

"మా ఆసామి సరేనన్నాక నేనెట్టా కాదంటానండీ? వచ్చే ఏడు పొలం ఇంకొకళ్లకిస్తే?"

పద్నాలుగు మందిలో మడిలో దిగేవాడు ఒక్కడూ లేడు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట అడగాలని నాకు తట్టనే లేదు. నా మీద నాకే అసహ్యమేసింది. వెంటనే వెళ్లి అడ్డుకట్ట తెంచమన్నాను. కొత్త పునాది మునిగిపోతుందని మేస్త్రి నెత్తీనోరూ బాదుకున్నాడు. మునిగితే మునగనీ అన్నాను.

మధ్యాహ్నానికి మడిలోకి నీళ్లు వచ్చాయి. ఆయన గట్టు మీద కూర్చుని కాసేపు చూశాడు. తర్వాత లోపలికి దిగి నారు పట్టి లాగాడు. పోచలు వేళ్లు లేకుండానే చేతికొచ్చాయి.

"ఇది పోయిందండీ. దిగువన మా వాళ్ల మళ్లన్నీ ఇంతే" అన్నాడు. "కాలువ మళ్లీ కట్టేసుకోండి మేడం, మీ పనన్నా అవుద్ది."