ఆరుగురికి సరిపడా సోయకూర డ్రెస్సింగ్

2023 వేసవి. గోదావరిఖనిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా నాకది రెండో ఏడు. డైటీషియన్ అంటే రోగి ఏం తినాలో, ఎంత తినాలో, ఏది ముందు తినాలో చెప్పే మనిషి. మందుల షాపు పక్కన నాకొక ఇరుకు గది ఇచ్చారు. ఒక బల్ల, కుర్చీలు, బరువు చూసే మిషను. నాకు మాట్లాడటం కంటే రాయడం తేలిక. అందుకని డైట్ చార్టు శ్రద్ధగా రాసి, చేతిలో పెట్టి, రెండు ముక్కలు చెప్పి పంపేసేదాన్ని. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, అన్నం బాక్స్ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని తినేదాన్ని.

ఏప్రిల్‌లో ఓదెలు, ఆయన భార్య సరోజన వచ్చారు. ఆయన అండర్‌గ్రౌండ్ గనిలో సపోర్ట్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. ఆరుగురి గ్యాంగులో ఆయనే పెద్ద. ఇనుప కడ్డీతో కప్పును తట్టి, ఆ మోత విని, కింద నిలబడవచ్చో లేదో చెప్పేవాడు. షుగరు బాగా పెరిగింది. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే దారిలో కళ్లు తిరిగాయి. వానాకాలంలో కంపెనీ మెడికల్ పరీక్ష ఉంది. అప్పటికి షుగరు దిగకపోతే గనిలోకి పంపరనీ, పైన ఏదో తేలిక పని ఇస్తారనీ మా డాక్టరు చెప్పారు.

పైన పనైతే ఒంటికి సుఖమే కదా అన్నాను.

"సుఖమే బిడ్డా. కాని మావోళ్లు కిందుంటరు. నేను పైన నీడకు కూసుంటే గా కప్పు మోత ఎవరింటరు?" అన్నాడు ఓదెలు.

అన్నం కంటే ముందు ఒక గిన్నెడు పచ్చి కూరగాయ ముక్కలు తినమని చార్టులో రాశాను. పీచు ముందు కడుపులోకి వెళితే తర్వాత తిన్న అన్నం వల్ల షుగరు ఒక్కసారిగా ఎగబాకదు, అన్నం కూడా తగ్గుతుంది. ఓదెలు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మేకలెక్క నమలాల్నా?" అని అడిగాడు. సరోజన నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఒట్టి కీరా ముక్కలు ఏ మనిషీ నెలల తరబడి తినడు. కాలేజీలో సలాడ్ డ్రెస్సింగ్ చేయడం నేర్పారు. పచ్చి ముక్కలకు పట్టేలా చేసే చిక్కటి, కమ్మటి కలుపు అది. నూనె, గుడ్డు, సీసా మసాలాలతో చేయించారు. అవేవీ లేకుండా మన కూరగాయల మార్కెట్లో దొరికే వాటితో చేయాలని ఆదివారం వంటింట్లో కూర్చున్నాను.

పెరుగును పల్చటి నూలు గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీస్తే నీరంతా కారిపోయి వెన్నలా మిగులుతుంది. సోంపు వాసన వచ్చే సోయకూర, కొత్తిమీర, కొంచెం పుదీనా కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి సన్నగా తరగాలి. ఒక వెల్లుల్లి రెబ్బ, మిరియాలు, నిమ్మరసం, వేయించిన నువ్వుల పొడి. మొదటిసారి అన్నీ కలిపి మిక్సీలో వేశాను, చిక్కటి పెరుగు కాస్తా మజ్జిగైంది. రెండోసారి ఆకును, వెల్లుల్లిని మాత్రం రోట్లో నూరి, పెరుగును చెంచాతో గిలకొట్టి కలిపాను. చెంచా బోర్లించినా జారలేదు. ఉప్పు మాత్రం వేయలేదు. ఉప్పు తగలగానే కీరా నీళ్లు వదులుతుంది. అది తినేముందు చల్లుకోవాలి.

మరుసటి వారం వాళ్లు ఆసుపత్రికి వస్తే చిన్న సీసాలో ఇచ్చాను. ఓదెలు చెంచా నాకి, ఇంకో చెంచా తీసుకున్నాడు. సరోజన అక్కడే నిలబడి ఎలా చేయాలో రెండుసార్లు చెప్పించుకుంది.

మే నెలాఖరుకు మళ్లీ వచ్చారు. భోజనం తర్వాత చూసే షుగరు ఇసుమంతైనా దిగలేదు. ముక్కలు తినడం లేదేమో కనుక్కోమని డాక్టరు నన్ను అడిగారు. సరోజన మొహం ఎర్రబడింది. తెల్లారి లేచి ముక్కలు కోస్తున్నాననీ, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన సీసాకు తడిగుడ్డ చుట్టి పంపుతున్నాననీ, గిన్నె, సీసా రెండూ తుడిచినట్టు ఖాళీగా వస్తున్నాయనీ చెప్పింది. పారబోస్తున్నావా అని మొగుణ్ణి నిలదీసింది.

ఆయన పారబోయలేదు. తలవంచుకుని, కాస్త నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. కింద గాలి ఆడేచోట ఒక చెక్క మీద ఆరుగురి బాక్సులూ మూతలు తీసి మధ్యలో పెడతారు. అందరూ అన్నింట్లోంచీ తింటారు. టోపీ దీపం వెలుగులో మొదటిరోజు ఆ సీసా చూసి, గ్యాంగులో చిన్నవాడైన మల్లేశం, "ఏందన్నా, మిషన్ల గ్రీజు తెచ్చినవా?" అని ఎగతాళి చేశాడట. రుచి చూశాక అతనే సీసా అడుగున వేలు పెట్టి తుడిచాడు. ఆ రోజు నుంచి ఓదెలు వంతుకు రెండు ముక్కలు మిగిలితే గొప్ప. మిగతా కడుపు వాళ్ల పులిహోరతో, ఆలుగడ్డ వేపుడుతో నిండుతోంది.

నాకు తోచిన దారి ఒక్కటే. కొన్నాళ్లు పక్కన కూర్చుని, మీ బాక్స్ మీరే తినండి అన్నాను.

ఓదెలు నవ్వు పోయింది. చార్టు మడిచి బల్ల మీద పెట్టాడు. "గట్లయితే ఇది వద్దు బిడ్డా. నేను పొమ్మంటేనే వాళ్లు కప్పు కిందికి పోతరు. గసొంటోళ్ల ముంగట నా గిన్నె నేను దాసుకొని తినాల్నా?"

లేచి వెళ్లిపోయేవాడే. నేను సరోజన వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. ఏడాదిన్నరగా నేను రాసిన చార్టులన్నీ ఒక్కో మనిషికి ఒక్కో కంచం ఉన్నట్టే రాశాను, నేను తినేది అలాగే కాబట్టి. ఆరుగురికీ పెడితే? అని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు. సరోజనకు వినపడింది. "ఆరుగురి ముక్కలు నేనొక్కదాన్నే ఎట్ల కోత్త? తక్కినోళ్లకు నువ్వచ్చి చెప్పాలె" అంది.

ఆ ఆదివారం వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. వంటింట్లో ఆ గ్యాంగు ఇళ్ల ఆడవాళ్లు అందరూ చేరారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మల్లేశం భార్య పద్మ కాసేపు ఓపిక పట్టింది. "జర గట్టిగ చెప్పు చెల్లె. నీకన్న మా కుక్కర్ నయం, ఈలన్న ఏస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత మాట ఎలా పెగిలిందో తెలియదు. ఊరికే చెప్పడం మాని, చేసి చూపిస్తూ చెప్పాను. ఆకు తడి ఎందుకు ఉండకూడదు, కారిన పెరుగు నీళ్లు ఏం చేయాలి అని వాళ్లే అడిగారు. రొట్టెల పిండి కలపడానికి పనికొస్తాయన్నాను. చివరికి పని పంచుకున్నారు. ఒక ఇంటి నుంచి కీరా, ఒక ఇంటి నుంచి క్యారెట్, ఇంకో ఇంటి నుంచి ముల్లంగి, మరో ఇంటి నుంచి ఉడికించిన శనగలు. పద్మ మొలకెత్తిన పెసలు పంపుతానంది. డ్రెస్సింగ్ మాత్రం సరోజన చేతిదే. ఒక పెద్ద సీసా.

కింద నియమం ఓదెలు పెట్టాడు. ముక్కల గిన్నె అడుగంటేదాకా ఎవరూ అన్నం బాక్స్ మూత తీయకూడదు. కప్పు విషయంలో ఆయన మాట ఎలా వినేవారో ఇదీ అలాగే విన్నారు. మధ్యలో మల్లేశం ఒకసారి మూత తీయబోతే, ఓదెలు కడ్డీతో ఆ మూత మీద తట్టి, "ఇంక కాలే, ఆగు" అన్నాడని సరోజన చెప్పి నవ్వింది.

ఆగస్టులో హెచ్‌బిఎ1సి చేయించాం. రక్తంలో మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష అది. ముందురోజు పస్తులుండి దాన్ని మోసం చేయలేం. బాగా దిగింది. మందులు, నడక కూడా సాయపడ్డాయి, ఆ గొప్పంతా సోయకూరది కాదు. కంపెనీ మెడికల్‌లో ఓదెలు ఫిట్ అయ్యాడు. చెప్పడానికి ఒక్కడే వచ్చాడు, మధ్యాహ్నం నేను తినే వేళకు. బల్ల మీది బాక్స్, పక్కన తెరిచిన పుస్తకం చూసి ఆగిపోయాడు.

"రోజు గీడ్నే తింటవా బిడ్డా? ఎవ్వరు లేకుంట?"

పుస్తకం ఉంది కదా అన్నాను.

"పుస్తకం నీకో ముద్దన్న పెడ్తదా?" అన్నాడు, గుమ్మం దాటుతూ.

ఇప్పుడు నా గదికి ఎవరొచ్చినా, ఏం తింటారు అని అడగడానికి ముందు, ఎవరితో కలిసి తింటారు అని అడుగుతాను. దానికి వచ్చే జవాబును బట్టే చార్టు రాస్తాను. మార్కెట్లో సోయకూర దొరికిన వారం నేనూ ఒక సీసా చేసుకొస్తాను. అది మధ్యాహ్నం మా ఆసుపత్రి సిస్టర్లు తినే బల్ల మధ్యలో ఉంటుంది. నా వంతుకు రెండు ముక్కలకు మించి రావడం లేదు.