పెనిమిటి పేరు దగ్గర ఖాళీ

మా ఇంట్లో ఒక పేరుంది. పిల్లలకు పెట్టుకోవడానికి కాదు, ఆడపిల్లల్ని తిట్టడానికి. ఎదురు మాట్లాడితే ఆ పేరు, చెప్పకుండా గడప దాటితే ఆ పేరు, కంచం ముందు నుంచి అలిగి లేస్తే ఆ పేరు. "అచ్చం దాని మాదిరే తయారైతాండావు" అని మా జేజి అనేది, మా అమ్మ అనేది. నాకు పెళ్లై ఇద్దరు పిల్లలు పుట్టినాక కూడా మా నాయన ఒకసారి అన్నాడు. టీచరు ఉద్యోగం కోసం గుత్తిలో వేరే ఇల్లు తీసుకుంటున్నానని చెప్పిన రోజు అది.

ఆ పేరు గలామె మా నాయన వాళ్ల తాతకు తల్లి. మా వైపు ఇప్పటికీ ధాతు కరువని చెప్పుకునే పెద్ద కరువులో, పాలు మరవని కొడుకును అత్త ఒళ్లో పడేసి, కూలీలను ఓడెక్కించే ఎవడో మేస్త్రీ వెంట సముద్రం దాటి పోయిందని మా ఇంటి కథ. మొగుడు పాపం ఆమెను వెతుక్కుంటూ పోయి, దారిలో గంజి పోసే చోట ఆకలికి చచ్చిపోయాడని మిగతా కథ. ఏటా పెద్దల అమావాస్యకు గోడకు బొట్లు పెట్టి, పోయినవాళ్లకు వరసగా ఆకులు వేసి, కొత్త బట్టలు పెట్టి, పేరు పెట్టి పిలుస్తారు కదా, ఆ వరసలో ఆయనకు ఆకుంటుంది, పంచె ఉంటుంది. ఆమెకు లేదు. మేమంతా ఆమె కడుపున పుట్టినవాడి సంతానమే, అయినా లేదు. చిన్నప్పుడు ఎందుకు లేదని అడిగితే చెంప మీద ఒకటి పడింది. దాంతోపాటు ఆ పేరు కూడా పడింది.

నేను రిటైరైన మరుసటి ఏడు, తెలిసిన లెక్చరరు ఒకాయన ఫోన్ చేశాడు. ఇంగ్లండు నుంచి ఒక పెద్దావిడ వస్తోంది, గుత్తి, శింగనమల వైపు ఊళ్లు చూడాలట, వారం రోజులు తోడుండి మాటసాయం చేస్తారా అని. ఖాళీగానే ఉన్నాను, సరే అన్నాను.

ఆవిడది క్వేకర్ల కుటుంబం. క్రైస్తవంలోనే అదొక దారి. పాస్టరు ఉండడు, పాటలుండవు, అందరూ ఒకచోట చేరి మౌనంగా కూర్చుంటారు. ఒట్టు పెట్టరు, ఎందుకంటే ఎప్పుడూ నిజమే చెప్పాల్సినవాళ్లకు మళ్లీ ఒట్టెందుకని. ఎవరినీ దొరవారూ అనరు. ఇదంతా ఆవిడే చెప్పింది, నాకు నచ్చింది కూడా. తర్వాత తన వంశవృక్షం కాగితపు చుట్ట విప్పి మా భోజనాల బల్ల మీద పరిచింది. బల్ల చాల్లేదు, అవతల వైపు నేల మీదికి వేలాడింది. పన్నెండు తరాలు. అందులో కొవ్వొత్తులు అమ్మినవాడున్నాడు, పెళ్లి కాకుండా పోయిన మేనత్తలున్నారు, మూడు రోజులు బతికిన పసిగుడ్డు కూడా ఉంది. మూడు రోజుల బిడ్డకు పేరుంది, పుట్టిన రోజుంది, పోయిన రోజుంది. నాకు నా ముత్తాత తల్లి పేరు తెలిసింది కూడా అది తిట్టు కాబట్టే. కడుపు మండిపోయింది. ఆవిడ తప్పేమీ లేదని తెలుసు, అయినా మండింది.

ఆవిడ వెతుకుతున్న పూర్వీకుడు మద్రాసులో ఉండి మారిషస్‌తో వ్యాపారం చేసినవాడు. ఓడలో వాటా ఉండేది. అటు నుంచి చక్కెర వచ్చేది, ఇటు నుంచి బియ్యమూ, చెరకు తోటల్లో పనికి మనుషులూ పోయేవాళ్లు. కరువులో మనుషులు ఎక్కువ పోయారు. ఆయనకు మనసొప్పక, ఓడ ఎక్కేముందు ఒక్కొక్కరినీ బల్ల ముందుకు పిలిచి, దుబాసీ చేత అడిగించి, ఒక నోటుపుస్తకంలో తానే రాసుకున్నాడు. పేరేమిటి, ఏ ఊరు, ఇష్టపడే పోతున్నావా, వెనక ఎవరిని వదిలి పోతున్నావు. మగవాళ్లనైతే తండ్రి పేరు, పెళ్లైన ఆడవాళ్లనైతే పెనిమిటి పేరు. ఆ ఓడ తర్వాత ఆయన ఆ వ్యాపారమే మానేశాడట. ఎందుకు మానేశాడో ఆవిడకు కావాలి. పుస్తకం రాస్తోంది.

మనసొప్పకపోతే ఓడ ఆపాలి గానీ పేర్లు రాసుకోవడమేమిటని అడిగాను. ఆవిడ వంశవృక్షం కాగితాన్ని మెల్లగా చుట్టేసింది.

ఊరూరూ తిరిగాం. వాన మొహం చాటేసి శనక్కాయ చేలు పూత దగ్గరే వాడిపోయిన నెల అది. నోటుపుస్తకంలో ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆవిడ కారు దిగి, ఏ అరుగు మీదో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కళ్లు మూసుకునేది. జనం మూగేవాళ్లు.

"ఏమ్మా, ఆయమ్మకు కండ్లు తిరుగుతాండాయా? సోడా తెద్దునా?" అన్నాడు ఒకాయన.

"లేదన్నా, మొక్కుకుంటాంది."

"ఎవురికి?"

నేను పోయి కారు తలుపు తీసి పట్టుకున్నాను.

శింగనమలలో టీ అంగడి దగ్గర కూర్చున్నప్పుడు ఆవిడ తన పుస్తకంలో ఒక అధ్యాయం గురించి చెప్పింది. మగతోడు లేని పదకొండు మంది ఆడవాళ్లు ఆ ఓడలో ఉన్నారట. విధవలో, మొగుళ్లు వదిలేసినవాళ్లో అయ్యుంటారట. వాళ్ల ధైర్యం గురించి రాస్తోందట. పేర్లు ఎలా పలకాలో చెప్పమని నోటుపుస్తకం నకలు నా ముందు పెట్టి, వేలుతో చూపిస్తూ ఒక్కొక్కటే చదివింది. ఆరో పేరు మా ఇంటి తిట్టు.

పక్కన ఊరు చూశాను. మా ఊరే. వెనక వదిలిపోతున్నది ఎవరిని అన్న చోట: ఒక కొడుకు, అత్త దగ్గర. పెనిమిటి పేరు అన్న చోట ఒక చిన్న గీత.

చేతిలో టీ చల్లారిపోయింది. మొదట నాకూ ఆ గీత అందరికీ లాగే కనిపించింది. మా జేజి చెప్పిందే నిజం, మొగుణ్ణి కాదనుకుని పోయింది అనుకున్నాను. ఆమె రక్తం పంచుకుని పుట్టిన పిల్లను, అరవై ఏళ్లదాన్ని, నేనూ అలాగే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది. తర్వాత పైనా కిందా చూశాను. పదకొండు గీతలు. పెనిమిటి పేరు రాసిన ఆడది ఆ పుటలో ఒక్కతీ లేదు.

"ఇవి మొగుళ్లు లేని గీతలు కాదు. మొగుడి పేరు పలకని గీతలు" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అంగట్లో గిన్నెలు కడుగుతున్న ముసలమ్మను పిలిచాను. "అమ్మా, మీ ఇంటాయన పేరేమి?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏందమ్మా, నడిబజార్లో నన్ను అదడగతావు? మావాడు వస్తే వాన్నడుగు" అంది. ఎంత అడిగినా అంతే. ఇది ఇప్పటి సంగతి. ఆ రోజుల్లో పరాయి మగవాడి ముందు, ఓడరేవులో, ఎవతి చెబుతుంది?

ఆవిడ నోటుపుస్తకం చివరి పుట తీసింది. ఆయన అక్కడ రాసుకున్నాడు. పదకొండు మంది ఆడవాళ్లు పెనిమిటి పేరు చెప్పలేదని, ఏదో ఒక పేరు వేసేద్దామని దుబాసీ నవ్వుతూ అన్నాడని, తాను ఒప్పుకోలేదని. నాకు చెప్పనిది నేను రాయను అని.

"ఆయన అబద్ధం రాయలేదు" అంది ఆవిడ మెల్లగా.

"నిజమూ రాయలేదు" అన్నాను. "ఎందుకు చెప్పరని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. మీవాళ్లకు నిజాయితీ ముఖ్యం. మనిషి కాదు."

గట్టిగానే అన్నాను. అంగడి ముందున్నవాళ్లు తిరిగి చూశారు. ఆవిడకు కళ్లనీళ్లు వచ్చాయి, నేను ఓదార్చలేదు. మగవాళ్ల పుటలు తిప్పమన్నాను. మూడు పుటల ముందు, మా నాయన ఏటా గోడ ముందు పిలిచే ఆమె మొగుడి పేరుంది. తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది. వెనక వదిలిపోతున్నది: ఒక కొడుకు, అమ్మ దగ్గర.

గంజి దగ్గర చావలేదు. వెతుక్కుంటూ పోలేదు. ఇద్దరూ కలిసి పోయారు. ఆ దేశంలో ఏమయ్యారో ఆ పుస్తకంలో లేదు. కానీ ఆ ఇద్దరిలో ఒకర్ని మా ఇంట్లో దేవుణ్ణి చేశారు, ఒకర్ని తిట్టు చేశారు. ఏ దొరా వచ్చి చెప్పలేదు అలా చెయ్యమని. మావాళ్లే చేశారు. ఆవిడ తన అధ్యాయం కొట్టేస్తానని, తప్పు తనదని చెప్పి వెళ్లిపోయింది. నా కోపం అక్కణ్ణుంచి ఊరి వైపు తిరిగింది.

మూడు వారాలకు పెద్దల అమావాస్య. ఆవిడ ఇచ్చిపోయిన నకళ్లు తీసుకుని, ధర్మవరం చీర ఒకటి కొనుక్కుని బస్సెక్కాను. మా తమ్ముడి ఇంట్లో గోడ ముందు ఆకులు వేసి ఉన్నాయి. ఆ చివర మా అమ్మ ఆకు, దాని పక్కన ఆమె చీర. నాయన పీట మీద కూర్చుని నీళ్లచెంబు పట్టుకున్నాడు. ఆయనకు ఎనభై దాటాయి, అయినా ఆ పని ఎవరికీ ఇవ్వడు.

"నాయనా, ఇంకో ఆకు వేయి."

"ఎవురికి?"

పేరు చెప్పాను. మరదలి చేతిలో గరిటె ఆగిపోయింది.

"పండగ పూట ఆ పేరెత్తొద్దు పాపా" అన్నాడు నాయన.

కాగితాలు చూపించాను. తమ్ముడు చదివాడు, నేను విడమరిచి చెప్పాను. నాయన చాలాసేపు చూశాడు, ఆ అక్షరాలు తనకు రాకపోయినా.

"అయితే మా ముత్తాత గంజి కాడ చచ్చిపోల్యాదా?"

"ల్యాదు నాయనా. ఓడెక్కినాడు. ఆమెతోనే."

ఆయన తలూపాడు. ఇన్నేళ్ల తర్వాత ఒక మంచిమాట వస్తుందనుకున్నాను. "మొగోడు బతుకుదెరువుకు పోయింటాడు లే. దాంట్లో తప్పేముండాది?" అని తన ముత్తాత ఆకు చుట్టూ నీళ్లు తిప్పబోయాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. వంగి ఆ ఆకు పట్టుకుని లాగేశాను. వడలు నేల మీద దొర్లాయి. మరదలు కేక పెట్టింది.

"అక్కా, నీకేమన్నా పిచ్చా!" అన్నాడు తమ్ముడు.

"పెడితే ఇద్దరికీ పెట్టండి. ల్యాకుంటే ఇద్దరికీ వద్దు."

నాయన కళ్లు ఎర్రబడ్డాయి. "కాగితంలో మొగుని పేరు ల్యాదని నువ్వే చెప్తివి. నాకు మొగుడుండాడని కూడా చెప్పని ఆడదానికి ఆకా?"

"మా అమ్మ నీతో యాభై ఏండ్లు కాపురం చేసింది. నీ పేరు ఎప్పుడన్నా పలికిందా?"

ఆయన చెంబులోకి చూశాడు.

"అనంతపురం ఆసుపత్రిలో అమ్మను చేర్చిన రోజు నువ్వు బయట కూర్చున్నావు. లోపల నర్సమ్మ భర్త పేరు అడిగింది. అమ్మ నొప్పితో మెలికలు తిరుగుతాండాది. ప్రాణం పోతాండినా కూడా నీ పేరు చెప్పల్యా. నా పక్క వేలు చూపించింది, నన్ను చెప్పమని. నేను చెప్పినా. నేను ల్యాకపోయింటే మా అమ్మ పేరు పక్కన కూడా గీతే. అప్పుడు మా అమ్మకు కూడా ఆకు పెట్టకపోతివేమో!"

నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. వినిపించనీ. నాయన ఆ చివరకు, అమ్మ చీర వైపు చూశాడు. చెంబు కింద పెట్టాడు. వంగి, నేను పారబోసిన వడలు ఒక్కొక్కటే ఏరాడు.

"రెండాకులు తీసుకురాండి" అన్నాడు.

చీర నేనే పెట్టాను. నీళ్లు తిప్పుతూ ఆయన ముందు తన ముత్తాతను పిలిచాడు, తర్వాత ఆమెను. ఆ పేరు వెనక ‘అది’ అనో ‘దాని’ అనో లేకుండా నేను వినడం అదే మొదలు. నా కోపం తీరిందా అంటే, తీరలేదు. ఒక ఆకుతో తీరేది కాదు. అన్నేళ్లు ఆమె వంతు మేమందరం కూర్చుని తిన్నాం.

అంతా అయ్యాక అరుగు మీద కూర్చున్నాం. తమ్ముడి మనవరాలు, ఎనిమిదేళ్లది, వడ్డించేదాకా ఆగలేక పెద్దల ఆకులోంచి వడ తీసుకుని పరుగెత్తుకొచ్చింది. మరదలు వెనకే వచ్చి "ఏయ్, అచ్చం..." అని నోరు తెరిచి, నాయన్ని చూసి ఆగిపోయింది.

"చెప్పు, ఆపినావెందుకు? ఎవురి మాదిరి?" అన్నాడు నాయన.

మరదలు వంటింటి వైపు తిరిగింది.

"మా ముత్తవ్వ మాదిరి అని చెప్పు."

పిల్ల వడ నములుతూ నాయన మొహంలోకి చూసింది. "ఆయవ్వ ఏం చేసింది తాతా?"

"ఏం చేయల్యాదు. ఆకలైంది" అన్నాడు. "ఇద్దరికీ ఆకలైంది, ఇద్దరూ పోయినారు."