లింగస్వామి యాంప్లిఫైయరు ఇంకా వేడెక్కలేదు

మా ఆయన పోయాక మూడు నెలలపాటు నేను పొద్దున ఆరు గంటలకే చాయ్ తాగాను. అంతకుముందు పదేళ్లు నాకు ఆ భాగ్యం లేదు. మా ఆయన లింగస్వామికి ఒకటే పిచ్చి. పొద్దున్నే యాంప్లిఫైయరు స్విచ్చి వేస్తాడు. అది వేడెక్కాలి. వేడెక్కేదాకా ఇంట్లో ఎవరూ చాయ్ ముట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, ఏ సంగతీ తేల్చకూడదు.

తెలంగాణ వచ్చిన ఏడాది పట్టుకుంది ఈ పిచ్చి. అప్పటిదాకా మంచిగానే ఉన్న మనిషి. నకిరేకల్ హైస్కూల్లో అటెండరు. అక్కడ గంట ఒక్క నిమిషం అటూ ఇటూ కానిచ్చేవాడు కాదు. ఇంట్లో మాత్రం గడియారం కన్నా ఆ రేకు డబ్బాదే పెత్తనం. స్కూలుకు సెలవైన ఆదివారం ఒక్కటే దానికీ సెలవు.

పెళ్లయిన కొత్తలో నల్గొండలో ఒక మెకానిక్ దగ్గర చేయించుకొచ్చాడు దాన్ని. స్పీకరుకు చెక్కపెట్టె కొనలేక మట్టికుండ మూతికి బిగించాడు. కుండైతే దరువు బాగా వస్తుందని అప్పట్లో చాలామంది అట్లాగే చేసేవాళ్లు. తరువాత అందరూ తీసేశారు. మా ఆయన తీయలేదు సరికదా, తెలంగాణ వచ్చిన ఆ ఏడాదే దాన్ని పక్కింటి గోడకు ఆనించి, మూతి గోడవైపు తిప్పి పెట్టాడు.

"మనుషులం ఇటున్నం. పాట అటు పాడితే ఎట్ల?" అన్నాను.

"గోడకు తగిలి మనకే వస్తది. నీకేమెరుక?"

మా బిడ్డ శ్రీలతను చూసుకోవడానికి పెండ్లివారు మిర్యాలగూడ నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చారు. చాప మీద కూర్చొని అర్ధగంటయింది. పిల్లగాని తండ్రి నెమ్మదిగా అడిగాడు.

"బావా, మరి పిల్లను పిలుస్తరా?"

"జర ఆగున్రి. ఇంకా వేడెక్కలే."

ఆయన తన భార్య చెవిలో "ఏం వేడెక్కలేదట?" అన్నాడు.

"ఉప్మా కావచ్చు" అన్నది ఆమె.

ఆ సంబంధం కుదరడం మా అదృష్టం. ఆ పిల్లగాడే మా అల్లుడు శ్రవణ్‌కుమార్.

కొత్తది కొందామా వద్దా అనే ఆలోచన కూడా పదేళ్లు నడిచింది. ఏటా దసరా ముందు "ఈసారి కొత్తది తెస్త" అని నల్గొండ బస్సెక్కేవాడు. ఒకసారి గొడుగు తెచ్చాడు. ఒకసారి కుక్కరు తెచ్చాడు.

"యాంప్లిఫైయరు ఏదయ్యా?"

"చూసిన. పాట మంచిగనే వస్తాంది. దరువు లేదు. నేల మీద చెయ్యి పెట్టి చూసిన, ఏం తెలుస్తలేదు."

"దుకాణంల నేల మీద చెయ్యి పెట్టినవా?"

"ముందుగాల చెయ్యి పెట్టిన. తరువాత చెప్పు ఇడిచి కాలు పెట్టిన."

"మరి దుకాణపాయన ఏమనలేదా?"

"పాపం మంచోడు. మంచినీళ్లిచ్చి, ఫ్యాను కింద కూసోమన్నడు."

ఈ ఏడు ఉగాది దాటాక, ఒక మధ్యాహ్నం, అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. మరునాడు స్కూల్లో ఇంటిగంట ఎవరు కొట్టారో నేను అడగలేదు.

తరువాత ఆ డబ్బాను ముట్టబుద్ధి కాలేదు. ఏ చప్పుడూ వినబుద్ధి కాలేదు. ఇల్లు ఇట్లా మూగబోయిందని శ్రీలత, శ్రవణ్ ఒక కొత్త స్పీకరు పట్టుకొచ్చారు. చపాతీకర్రకు అన్నలా సన్నగా, పొడుగ్గా ఉంది.

"అత్తమ్మా, గీ పాతదాన్ని అమ్మేద్దాం. పాతసామాను బండి వస్తది గదా" అంటూ కుండను తీసి అరుగు మీద పెట్టాడు శ్రవణ్.

కుండను చూసి పక్కింటి సిద్దయ్య వచ్చాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి మగ్గం నేస్తాడు. చెవులు దాదాపు పోయాయి.

"చెల్లె, కుండ బయట పెట్టినవేంది?"

"కొత్తది తెచ్చిన్రన్నా! పాడుతాంది సూడు!" అని అరిచాను.

లోపలికి వచ్చి, చెప్పు విడిచి, కాలు నేలకు అదిమిపెట్టాడు. అచ్చం మా ఆయన దుకాణంలో పెట్టినట్టే.

"నాకు వస్తలేదు" అన్నాడు.

"ఏం వస్తలేదన్నా?" అన్నాను ఆయన చెవి దగ్గరికి పోయి.

"దరువు. మా ఇంటామె మల్లమ్మ పోయినంక నేను మగ్గం ఇడిచిపెట్టిన గదా. ఒకనాడు గుంటల కాళ్లు పెట్టి ఊకెనే కూసున్న. లింగస్వామి పాట పెట్టిండు. చెవులకు రాలేదు గని కాళ్ల కిందికెల్లి దరువచ్చింది. గా ముచ్చట చెప్పిన. తెల్లారి కుండ తెచ్చి నా గోడకే ఆనిచ్చిండు. 'అన్నా, దరువు రాంగనే లేచి మగ్గం ఎక్కు. నీ మగ్గం సప్పుడు ఇనవడేదాంక నేను చాయ్ ముట్ట' అన్నడు."

"నాకొక్కమాట చెప్పలేదేంది?"

"నేనే వద్దన్న. ముసలోన్ని లేపనీకె బ్యాండుమేళం కావాల్నా అని వాడకట్టంత నవ్వరా?"

పదేళ్లు నా చాయ్ ఆపినందుకు కోపం రావాలి. నవ్వొచ్చింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

"మరి గీ మూడు నెలలు?"

"మగ్గం మీద చీర సగంల ఉన్నది" అని తల వంచుకొని పోయాడు.

"శ్రవణూ, కుండ లోపల పెట్టు బిడ్డా" అన్నాను.

తెల్లవారి స్విచ్చి వేశాం. పాట కన్నా ముందు గుయ్యిమని మోత.

"అత్తమ్మా, మెకానిక్‌ను పిలువాలె."

"దాని జోలికి పోకు."

చాయ్ గ్లాసు చేతిలో పట్టుకొని శ్రవణ్ కాసేపు ఓపిక పట్టాడు. "ఇంకెంతసేపు అత్తమ్మా? చల్లారుతాంది."

"జర ఆగు. ఇంకా వేడెక్కలే."

అప్పుడు గోడ అవతల మగ్గం కదిలింది. టక్కు, టక్కు. మొదట తడబడుతూ, తరువాత తెంపు లేకుండా. చాయ్ చల్లారిపోయింది, తాగాం. చపాతీకర్ర వాళ్లతోపాటే మిర్యాలగూడ పోయింది.

అప్పటి నుంచి రోజూ నేనే స్విచ్చి వేస్తున్నాను. రెండు వారాలు గడిచాయో లేదో, నిన్న సాయంత్రం సిద్దయ్య గుమ్మంలో నిలబడ్డాడు. సగం చీర పూర్తయిందని చెప్పడానికేమో అనుకున్నాను.

"చెల్లె, చీర పూర్తిచేసి మగ్గం మీదికెల్లి కోసిన గని, నీతోని ఒక తక్లీఫున్నది."

"ఏందన్నా?"

"నువ్వు ఆదివారం గూడ పెడుతున్నవు. లింగస్వామి ఆదివారం పండుకోనిచ్చెటోడు."

ఇవాళ ఆదివారం. డబ్బా మీది దుమ్ము తుడిచాను, కుండ చుట్టూ ఊడ్చాను. స్విచ్చి మాత్రం వేయలేదు.