మేడ గదికి తీగ

ఆమెకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. చేసేది మాత్రం కూర్చుని చేసే పని. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు మేడ మీది గదిలోంచి వీడియోలో మళ్లీ మాటలు నేర్పుతుంది.

ఆ రోజు తెర మీద ఒక బస్సు డ్రైవర్. నెలల తరబడి మూలుగే తప్ప మాట రాని మనిషి, పెదవులు బిగించి దేన్నో గొంతులోంచి లాక్కొచ్చాడు. "బ..." ఆమె ముందుకు వంగింది. అంతలో బొమ్మ బిగుసుకుపోయింది. మళ్లీ కలిసేసరికి అవతల కుర్చీ ఖాళీ.

"మీరు వినకుండా వెళ్లిపోయారనుకున్నారండీ," అంది డ్రైవర్ భార్య. "గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇక కూర్చోరట."

ఆమెకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. గదిలోంచి బాల్కనీకీ, బాల్కనీలోంచి గదికీ తిరిగింది. భర్తకు ఫోన్ చేసింది.

"రూటర్ ఒకసారి ఆపి వెయ్యి, సర్దుకుంటుంది," అన్నాడతను.

"ఇక నా వల్ల కాదు. మొత్తం పీకేస్తున్నాను."

హాల్లో టీవీ వెనక ఒక రూటర్ ఉంది. మేడ మీదికి సిగ్నల్ అందడం లేదని మెట్ల మలుపులో భర్త పాతదొకటి తగిలించాడు. రెండూ పెత్తనానికి పోటీపడేవి. మధ్యలో ఆమె కంప్యూటర్ కాసేపు దీని పంచనా, కాసేపు దాని పంచనా చేరి ఎటూ కాకుండా పోయేది.

"మరి నా వార్తలో?" అన్నారు మామగారు, నెట్ ఆగి నల్లబడిన టీవీని చూసి.

"సాయంత్రానికి వచ్చేస్తాయి మామయ్యా."

"ఏ రోజు సాయంత్రానికమ్మా?"

కొట్టుకెళ్లి కేబుల్, క్లిప్పులు, పిన్నులు, వాటిని కొసకు బిగించే కట్టర్ తెచ్చింది. హాల్లో మొదలుపెట్టి, మెట్ల పక్క గోడ అంచు వెంట క్లిప్పులు కొట్టుకుంటూ పైకెక్కింది. వెనకే అత్తగారు కేబుల్ చుట్ట పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది.

"అంత గుంజకే అమ్మాయ్, తెగిపోగలదు."

కేబుల్ కొసన రంగురంగుల సన్నని తీగలు. వాటిని వరుసగా పేర్చి పిన్నులో దూర్చాలి. తొందరలో వరుస తప్పింది, కంప్యూటర్‌కు తగిలిస్తే దాని దీపం వెలగలేదు. కొస కత్తిరించి మళ్లీ బిగించింది. మళ్లీ తప్పింది. కట్టర్ మంచం మీదికి విసిరేసింది.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని, కేబుల్‌తో వచ్చిన, తీగల వరుస చూపే కాగితం అందుకుంది. "రంగులు నేను చెప్తాను, నువ్వు పెట్టు. నారింజ... ఆగు, నన్ను చూడనీ."

అలా ఆగి ఆగి పెట్టాక పచ్చ దీపం వెలిగింది. పాత రూటర్‌ను మేడ గదికి మార్చి, పెత్తనం తీసేసి, వైఫై పంచే పని మాత్రం అప్పగించింది. కంప్యూటర్‌కు నేరుగా కేబులే తగిలించింది. కింద వార్తల గోల మొదలైంది.

అప్పుడు డ్రైవర్ ఇంటికి ఫోన్ చేసింది. "స్పీకర్ పెట్టండమ్మా. అయ్యా, నేను ఎక్కడికీ వెళ్లలేదు. మా ఇంట్లో నెట్ పోయింది. రేపొక్కసారి కూర్చోండి."

మర్నాడు ఆయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆమె బస్సు బొమ్మ చూపించింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తెగిందేమోనని ఆమె తెరకేసి వంగి చూసింది. ఆయన వెనక కర్టెన్ కదులుతూనే ఉంది. తెగలేదు. 'బస్సు' అని తనే అందించబోయి, పెదవి కొరుక్కుని ఆగింది.

చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు. "నీ... నీళ్లు."

భార్య వంటింట్లోకి పరుగెత్తింది. గ్లాసు తెచ్చేలోగా ఆయన ఇంకోసారి అన్నాడు, ఈసారి కాస్త విసుగ్గా.