రంగం రేవులో సోదా

బర్మా నుంచి ఓడల్లో తరలివచ్చిన తెలుగువాళ్ల ప్రయాణాల మీద నా పీహెచ్‌డీ. దానికోసమే కంచరపాలెంలో ఒక మామ్మ దగ్గరికి వెళ్లేదాన్ని. కొడుకు నడిపే నూడుల్స్ బండికి వెల్లుల్లి ఒలుస్తూ మాట్లాడేది. బర్మా నుంచి వాళ్లని పంపించేసేటప్పటికి ఆమె చిన్నపిల్ల.

ఒకరోజు మా గైడు కెమెరా పట్టుకుని నాతో వచ్చాడు. రంగంలో, అంటే రంగూన్‌లో, ఓడెక్కే ముందు జరిగిన సోదా సంగతి మామ్మ ఆరోజే మొదటిసారి చెప్పింది.

"రంగం రేవులో లైన్లో నిలబెట్టినారు. బంగారం దాసీసినామేటోనని ఒకడు అందరి నోట్లోన ఏళ్లెట్టి ఎతికీవోడు. అవే ఏళ్లు. కడగడం లేదు, ఏటి లేదు. నా ముందలున్న ముసిలాయన ఉమ్మి, పొగాకు, అన్నీ నా నాలిక మీదికొచ్చీసినాయి. ఓడలో ఏటి తిన్నా కక్కీసీదాన్ని. ఇప్పటికీ పళ్ల డాక్టరు కాడికెల్లను. ఊగిన పన్ను నానే పీకీసుకుంతాను."

గైడు ముఖం వెలిగిపోయింది.

"సూపర్! మన పేపర్‌కి ఇదే హైలైట్. అమ్మా, వాడు వేళ్లెలా పెట్టాడో ఓసారి చేసి చూపించండి. వీడియో తీసుకుంటాను."

మామ్మ ఒళ్లోని వెల్లుల్లి పొట్టు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత సెమినార్‌లో ఆ పని ఆయనే చేశాడు. స్టేజీ మీద నోరు తెరిచి, రెండు వేళ్లు బుగ్గలోకి తోసి, అటూ ఇటూ తిప్పాడు. హాలంతా చప్పట్లు. కిందికి దిగి, "ఫీల్డ్‌వర్క్ అంతా మా అమ్మాయిదే" అని అదే చేత్తో నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. అరచేతికి తడి తగిలింది. భోజనాల దగ్గర ఆ వేళ్లతోనే చేపముక్కలో ముళ్లు ఏరుకుంటున్నాడు. చూడలేకపోయాను. సబ్బు అరిగేలా చెయ్యి కడుక్కుని, తినకుండానే ఆటో ఎక్కేశాను.

"మామ్మా, ఆ సోదా సంగతి నా థీసిస్‌లోంచి తీసేస్తాను" అన్నాను, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

"ఏల తీసేత్తావు? రాయి. నాను ఏడిసీసినానని మాత్రం రాయకు."

"ఏడవలేదా?"

"కరిసీసినాను. నెత్తురొచ్చీదాకా ఒగ్గలేదు. దానికి మాయమ్మ సెంపలు వాయగొట్టీసినాడు." కాసేపు వెల్లుల్లి ఒలిచింది. "ఆ బాబు ముందల సెప్పలేదు. కరిసి సూపించమంటాడని."

అదే రాశాను. గైడుని మార్చుకోడానికి యూనివర్సిటీ ఆఫీసుల చుట్టూ చాలా తిరగాల్సి వచ్చింది. ఈలోగా ఆయన ఆ నోటివేషం ఇంకో రెండు ఊళ్లలో వేసి వచ్చాడట.